ముప్పై ఎనిమిది ఇళ్ళకు చెప్పని ప్రయాణం

మా ఊళ్ళో ప్రయాణానికి అసలు ఖర్చు బస్సు టికెట్టు కాదు, చెప్పి వెళ్ళడం. ఫలానా చోటికి వెళ్తున్నావని తెలిస్తే చాలు, ఇంటికొకరు చొప్పున వచ్చి గుప్పిట్లో మడత నోటు పెట్టి "దారి ఖర్చుకి ఉంచుకో" అంటారు. వద్దనకూడదు. తిరిగొచ్చేటప్పుడు నోటు పెట్టిన ఇంటికీ, పెట్టని ఇంటికీ కూడా ఏదో ఒకటి తేవాలి. మా గడప కాక ఊళ్ళో ముప్పై ఎనిమిది గడపలు. మూడేళ్ళ కిందట జుమాది అనే ఆయన ఉత్తర తీరంలో పుణ్యపురుషుల సమాధులు దర్శించుకు రావడానికి మూడు రోజుల బస్సు యాత్రకి వెళ్ళాడు. తెచ్చిన ఖర్జూరం ఇరవై రెండో ఇంటికే అయిపోయింది. చెప్పులు విప్పకుండానే మళ్ళీ టౌనుకు పోయి, మిగతా పదహారు ఇళ్ళకీ కొట్లో కొనుక్కొచ్చాడు. అది మన టౌను ఖర్జూరమేనని అందరికీ తెలుసు. అందరూ కళ్ళకద్దుకునే తిన్నారు.

అందుకని నేను సుమత్రా వెళ్తున్నట్టు ఎవరికీ చెప్పకూడదని అనుకున్నాను. ఇది తొంభై ఆరులో మాట.

సముద్రం దాటితే వచ్చే సుమత్రా దీవిలో మా అక్క వర్సి ఉంది. పదిహేనేళ్ళ కిందట సర్కారు వాళ్ళు మా సున్నపురాయి కొండల్లోంచి పదిహేడు కుటుంబాలకు ఆశపెట్టి, అక్కడ తలా రెండు హెక్టార్ల అడవిచ్చి, కొట్టి సాగు చేసుకోండన్నారు. అక్కా బావా వెళ్ళారు. మళ్ళీ రాలేదు. ఏడాదికో ఉత్తరం వచ్చేది. ఆ ఏడు వచ్చిన ఉత్తరం అక్క మనవడు రాసింది. "నాయనమ్మకి ఒక కన్ను పోయింది. రెండో దాంట్లో పొర కమ్ముతోంది. అది కూడా పోయేలోపు చిన్న నాయనమ్మ ముఖం ఒకసారి చూడాలంటోంది." అంతే రాశాడు. ఆ కాగితాన్ని బియ్యం డబ్బాలో పెట్టి, బియ్యం తీసినప్పుడల్లా చదివేదాన్ని.

డబ్బు సంగతి దేవుడు చూశాడనే చెప్పాలి, ఆవు చూసిందన్నా తప్పులేదు. ఆవు మాది కాదు. టౌన్లో ఉండే దార్సొనొ మాస్టారిది. ఆయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు బ్యాంకులో వెయ్యకుండా ఆవును కొని మాకు వాటాకి ఇచ్చాడు. "బ్యాంకులో వడ్డీ కాగితం మీదే ఉంటుంది, ఇక్కడైతే నాలుగు కాళ్ళ మీద తిరుగుతుంది" అనేవాడు. గడ్డి మాది, చాకిరీ మాది. మొదటి దూడ ఆయనకి, రెండోది మాకు, మూడోది ఆయనకి, అలా. నెల మొదటి ఆదివారం మోటారు సైకిలు మీద వచ్చి, దర్జీల టేపు తీసి ఆవు రొమ్ము చుట్టూ కొలిచి, నోటుబుక్కులో రాసుకుని, టీ తాగి వెళ్ళేవాడు. ఆ ఏడు మా వంతు దూడ, అందునా కోడెదూడ, మంచి ధరకి పోయింది. లెక్క వేస్తే రానూ పోనూ బస్సుకీ, పడవకీ, అక్కకి ఒక చీరగుడ్డకీ సరిగ్గా సరిపోయింది. ముప్పై ఎనిమిది ఇళ్ళకి ఒక్కో అగ్గిపెట్టె తెచ్చినా చాలదు.

"ఎక్కడికని చెప్తావే మరి?" అన్నాడు మా ఆయన పరీది. ఆవు గడ్డికి ఆయన ఉండాలి కాబట్టి ప్రయాణం నా ఒక్కదానిదే.

"మాస్టారింట్లో పెళ్ళని చెప్తాను. వంటకి పిలిచారు, పది రోజులు పడుతుందని."

"ఆయన కూతురి పెళ్ళి ఎప్పుడో అయిపోయిందిగా."

"ఇంకో కూతురుందిలే. ఎవరడుగుతారు? నువ్వు మాత్రం తడబడకు. ఎవరు అడిగినా ఒకటే మాట, మాస్టారింటికి పెళ్ళి వంటకి వెళ్ళిందని."

మా ఆయన మంచివాడు. అబద్ధమాడటం రాదు. అందుకని వారం రోజులు ఆయన చేత ఆ మాట వల్లె వేయించాను. గడ్డి కోస్తూ కూడా గొణుక్కునేవాడు.

ఇక్కడ పక్కింటి సకినెం అవ్వ గురించి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని చాలా కాలం చూశాను, కుదరలేదు. ఆవిడ కూతురు సువర్ని కూడా మా అక్కతోపాటే వెళ్ళింది. అక్కడే ఆడపిల్లని కంది. ఆ మనవరాలిని అవ్వ చూడలేదు. ఏటా ఉపవాసాల నెల అయ్యాక ఆ పిల్లకి ఒక రవికె కుట్టేది. అంచనా మీదే, ఈ ఏటికి ఇంత పెరిగి ఉంటుందని. తపాలాలో పంపమంటే "చేత్తో కుట్టింది చేత్తోనే అందాలి" అనేది. అక్కడికి వెళ్ళేవాళ్ళు లేరు. రవికె రేకుపెట్టెలోకి పోయేది. మరుసటేడు ఇంకొంచెం పెద్దది. ఊరి పొలిమేర దాటుతున్న ఎవరినైనా సరే, చివరికి కర్రపెండలం బుట్టతో సంతకి పోయేవాళ్ళని కూడా "సుమత్రా వైపేనా?" అని అడిగేది. ఊరంతా నవ్వుకునేవాళ్ళం. సంత నుంచి వచ్చినవాళ్ళని "సుమత్రాలో ధరలెలా ఉన్నాయి" అని ఆటపట్టించేవాళ్ళం.

అవ్వకి ఒక్కదానికీ చెవిలో చెప్పి ఆ రవికెలు పట్టుకెళ్ళొచ్చు కదా అని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అవ్వకి చెప్తే మధ్యాహ్నానికల్లా ముప్పై ఎనిమిది నోట్లు నా గుప్పిట్లో ఉంటాయి. చూస్తూ చూస్తూ ఆ ఉచ్చులో కాలు పెట్టలేను. అలా నాకు నేను చెప్పుకుని, తెల్లవారి సంచీ భుజాన వేసుకుని బయల్దేరాను.

అవ్వ వాకిలి ఊడుస్తోంది.

"ఎక్కడికే రాంతీ పొద్దున్నే? సుమత్రా వైపేనా?"

అందరినీ అడిగే మాటే. నా కాళ్ళు మాత్రం ఒక్క క్షణం ఆగాయి.

"కాదవ్వా. మాస్టారింట్లో పెళ్ళట. వంటకి."

"మంచిది తల్లీ. పెద్ద మూకుళ్ళ దగ్గర జాగ్రత్త, చేతులు కాల్చుకోకు" అని మళ్ళీ చీపురందుకుంది.

బస్సులో రెండు పగళ్ళు, రెండు రాత్రులు. మధ్యలో పడవ. సముద్రం చూడటం అదే మొదలు. ఒకావిడ నా ఒళ్ళో వాంతి చేసుకుంది కాబట్టి అంతగా చూడలేకపోయాను. అక్కావాళ్ళ ఊరు సిదొడాదిలో దిగేసరికి అక్క ఇంటి ముందు మనవడి భుజం పట్టుకుని నిలబడి ఉంది. నన్ను గుమ్మంలో వెలుగు పడే చోటికి లాగి, గడ్డం పట్టుకుని, తల అటు తిప్పి ఇటు తిప్పి, ఆ మిగిలిన కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. గంజినీళ్ళలోంచి చూస్తున్నట్టుందట.

"అమ్మలా అయిపోయావేంటే" అంది. "నేను నిన్ను చూద్దామని పిలిస్తే అమ్మ వచ్చింది."

ఇద్దరం అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాం. వచ్చిన పని ఆ ఒక్క ఘడియలోనే అయిపోయింది, ఇంకేం అక్కర్లేదనిపించింది. నా లెక్క నెగ్గిందని కూడా అనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

తప్పెక్కడ చేశానో సాయంత్రానికి తెలిసింది. ఊరి నుంచి చెల్లెలొచ్చిందని అక్క వాడంతా చాటించింది. చీకటి పడకముందే మిగతా పదహారు ఇళ్ళవాళ్ళూ వచ్చారు. పదిహేనేళ్ళలో ఊరి నుంచి వచ్చిన మొదటి మనిషిని నేనే. మగవాళ్ళు చాప మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు నా చుట్టూ చేరి, మా బావి ఎండిందా, మా వాకిట్లో పనసచెట్టు ఉందా, మా అన్న ఇంకా దగ్గుతూనే ఉన్నాడా అని అడిగారు. అడుగుతూ నా సంచీ వైపు చూశారు. అందులో నా రెండు జతల బట్టలున్నాయి. ఊరి నుంచి వచ్చిన మనిషి ఉత్తచేతులతో రావడం ఉంటుందని వాళ్ళకి తట్టనే లేదు. మర్యాదస్తులు కాబట్టి నోరు విప్పి అడగలేదు. సర్దుకోవడానికి నాకు సమయం ఇస్తున్నారని అర్థమైంది.

సువర్ని అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. కూతురికి తల దువ్వి, పౌడరు రాసి తీసుకొచ్చింది. పిల్ల పేరు పూర్వంతి. పన్నెండేళ్ళది, కాళ్ళూ చేతులూ సాగి పొడుగ్గా ఉంది. వచ్చి నా చేతిని నుదుటికి తాకించుకుని పక్కన నిలబడింది.

"మా అమ్మ ఎలా ఉంది పిన్నీ?" అంది సువర్ని.

"బాగానే ఉంది. ఇంకా తనే వాకిలి ఊడ్చుకుంటోంది."

"నువ్వొస్తున్నావని తెలిసి ఏమంది?"

చాప మీద అల్లికలు లెక్కపెట్టాను. "చెప్పే వీల్లేకపోయిందే. ఉన్నట్టుండి బయల్దేరాను. టికెట్టు అలా దొరికింది" అన్నాను. నా నోటికి అబద్ధాలు అలవాటైపోతున్నాయని అప్పుడే గమనించాను.

సువర్ని నవ్వింది. "పోన్లే పిన్నీ, దూరాభారం" అంది. పూర్వంతి మాత్రం నా సంచీ మీద నుంచి కళ్ళు తిప్పలేదు. అమ్మమ్మ ఏటా నీకొక రవికె కుడుతోందని ఎవరో ఉత్తరంలో రాశారట ఆ పిల్లకి.

నాలుగు రోజులున్నాను. తిరుగు ప్రయాణం నాటి పొద్దున అక్క ఇంటి అరుగు మీద పొట్లాలు గుట్టపడ్డాయి. కాఫీ గింజలు, మిరియాలు, ఎండబెట్టిన అరటిపళ్ళు, ఒక డబ్బా తేనె. ఒక్కోదాని మీద ఒక్కో పేరు. ఎవరింటికి ఏదో చెప్పి, మళ్ళీ చెప్పించుకున్నారు. కానుకలు తేవాల్సి వస్తుందని దొంగలా వచ్చినదాన్ని, రెండు గోనెబస్తాల కానుకలతో తిరిగి వెళ్తున్నాను. ఇస్తే నా బండారం బయటపడుతుంది. ఇవ్వకపోతే దొంగనవుతాను.

చివర్లో సువర్ని వచ్చింది. మిరియాల పొట్లం ఇచ్చి, కూతురిని గోడకి ఆనించి నిలబెట్టి, తెల్లదారం ఒకటి తీసుకుని మడమ దగ్గర నుంచి నడినెత్తి దాకా పట్టి తెంపింది. మళ్ళీ కొలిచి, భుజం దగ్గరొక ముడి, నడుం దగ్గరొక ముడి వేసింది.

"ఇది అమ్మకివ్వు పిన్నీ. మనవరాలు ఇంత ఉందని చెప్పు. అంచనా మీద కుట్టక్కర్లేదని చెప్పు."

ఆ దారాన్ని రవికెలో దోపుకున్నాను. రెండు రోజుల బస్సులో అది గుచ్చుకుంటూనే ఉంది.

మా మలుపు దగ్గర బస్సు దిగేసరికి గడ్డిమోపులతో వస్తున్న ఆడవాళ్ళు ఎదురయ్యారు. ముందు ముర్జియా వదిన. ఆవిడకి ఊరంతా వదినే, నోరు కూడా అలాంటిదే.

"వచ్చావా రాంతీ. పెళ్ళి బాగా జరిగిందా?"

రోడ్డు మీదే ఒప్పుకునే ధైర్యం లేకపోయింది. "ఆఁ, జరిగింది వదినా."

"మాస్టారి చెయ్యి పెద్దది సుమీ. వంటమనిషికి బస్తా కాఫీ గింజలు ఇచ్చి పంపేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు?"

"మిరియాలు కూడా పెట్టినట్టున్నారు, వాసనొస్తోంది" అంది వెనకావిడ. "ఏం పెళ్ళోగానీ మంచి ఘాటు పెళ్ళి."

ఒక్కరూ నవ్వలేదు. గడ్డిమోపులు పక్కన పెట్టి, నా బస్తాలు నెత్తికెత్తుకుని ఇంటి దాకా తెచ్చి దింపి వెళ్ళారు.

లోపల మా ఆయన ముఖం చూడగానే అర్థమైంది. జరిగింది ఇదీ. మాస్టారు వచ్చే ఆదివారం రావాల్సినవాడు, ఆవుకి మళ్ళీ కడుపు నిలిచిందని మా ఆయన కబురు పెడితే సంబరపడి ఆ వారమే వచ్చేశాడు. ముర్జియా వదినా, ఇంకో నలుగురూ వాకిట్లోనే ఉన్నారు. టేపు మడుస్తూ మాస్టారు "మీ ఆవిడ కనబడదేం?" అన్నాడు. మా ఆయన వారం రోజులు వల్లె వేసిన మాట ఠక్కున అప్పజెప్పాడు. "మీ ఇంటికి పెళ్ళి వంటకి వెళ్ళింది మాస్టారూ."

"నువ్వేగా ఎవరడిగినా ఒకటే మాట చెప్పమన్నావు" అన్నాడు నా వైపు చూడకుండా.

ముఖం కడుక్కుని, పొట్లాలు బుట్టలో పెట్టుకుని బయల్దేరాను. పదహారు పొట్లాలు, పదహారు ఇళ్ళు. ప్రతి గడపలోనూ ఒకటే చెప్పాను, "సుమత్రా వెళ్ళాను, చెప్పకుండా వెళ్ళాను, ఖర్చుకి భయపడ్డాను. మీవాళ్ళు ఇది పంపారు." ఒక్కరూ మాట అనలేదు. టీ ఇచ్చారు. కూర్చోబెట్టి, తమ్ముడు లావయ్యాడా, కోడలు ఎలాంటిది అని అడిగారు. అంతా విన్నాక ఒకాయన, "చెప్పి ఉంటే నాన్న కత్తి పంపేవాణ్ణి, వాడికి అదంటే ఇష్టం" అన్నాడు. ఇంకో ఇంట్లో ఒకావిడ, "పోన్లే, ఈసారి ఎవరైనా వెళ్తే చూద్దాం" అంది. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. పక్క ఇంటిని చివరికి ఉంచుకున్నాను.

సకినెం అవ్వ మిరియాల పొట్లం తీసుకుని వాసన చూసి ఒళ్ళో పెట్టుకుంది. దారం ఇచ్చి, అది ఏమిటో చెప్పాను. చాలాసేపు వేళ్ళతో ముడులు తడిమింది. తర్వాత లేచి నిలబడి, ఒక కొస కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, రెండో కొసని పైకి లాగింది. దారం ఆవిడ తల దాటి పోయింది.

"నాకన్నా పొడుగు" అంది.

రేకుపెట్టె తెరిచింది. పదకొండు రవికెలు. చాప మీద వరసగా పరిచింది. మొదటిది నా అరచేతి కన్నా కాస్త పెద్దది. దారంలో రెండు ముడుల మధ్య దూరాన్ని ఒక్కో రవికె మీదా పెట్టి చూసింది, అన్నిటికన్నా పెద్దది చివర్లో. అది కూడా నాలుగు వేళ్ళు పొట్టి.

"ఆ రోజు అడిగాను కదే" అంది అవ్వ, రవికెలు మడత పెడుతూ. "సుమత్రా వైపేనా అని."

"అడిగావవ్వా."

"కాదన్నావు."

"అన్నాను."

ఆవిడ గొంతులో కోపం లేదు. జరిగింది సరిగ్గా గుర్తుందో లేదో చూసుకుంటోంది, అంతే. అవ్వ లోపలికి వెళ్ళి, పరుపు కింద నుంచి మడత పెట్టిన నోటు తెచ్చి నా గుప్పిట్లో పెట్టి, వేళ్ళు మూసింది.

"దారి ఖర్చుకి" అంది. "అప్పుడిద్దామంటే నువ్వు చెప్పలేదు."

"వెళ్ళొచ్చేశాను కదవ్వా ఇంక."

"మళ్ళీ వెళ్తావుగా."

రెండు చేతులతో తీసుకున్నాను. ఆ ప్రయాణానికి నాకు దక్కిన దారి ఖర్చు అదొక్కటే.

మర్నాడు టౌనుకి వెళ్ళి మాస్టారి గుమ్మంలో నిలబడ్డాను. పుట్టబోయే మూడో దూడ ఆయన వంతు. అది నాకిచ్చి, తర్వాత రెండూ ఆయన్నే తీసుకోమన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నా పేరు మీద పెళ్ళి చేసేసి, ఇప్పుడు నా దూడ కూడా కావాలంటావు."

"అవును మాస్టారూ."

"సరే. మా రెండోదానికి నిజంగానే సంబంధం కుదిరింది. వచ్చే నెలలో పెళ్ళి. పది రోజులు వంటకి రావాలి. ఈసారి నిజంగా రావాలి."

ఒప్పుకున్నాను. పెద్ద మూకుళ్ళ దగ్గర చేతులు కూడా కాల్చుకున్నాను.

అవ్వ ఆ దారాన్ని తలుపు పక్క మేకుకి తగిలించింది. సంతలో పసుపుపచ్చ గుడ్డ కొంది. కత్తిరించే రోజున నన్ను పిలిచి, దారం కొస పట్టుకోమంది. దూడ పుట్టాలి, పెరగాలి, అమ్ముడుపోవాలి, తక్కువలో తక్కువ ఏడాది పడుతుంది. ఆ మాట నేను అవ్వతో అనలేదు. అవ్వ భుజం ముడి దగ్గర నుంచి నడుం ముడి దాకా కొలిచింది. సుద్దముక్కతో గీత గీసింది. కాసేపు ఆ గీత వైపే చూసి, దానికి కింద నాలుగు వేళ్ళు వదిలి, అక్కడ కత్తిరించింది.